ఫుటీ జట్టుకు నాయకత్వం – 4వ భాగం: గట్టివాడు ఎవరు?

పోయిన భాగంలో మైదానంలో గొంతు ఎలా వాడాలో చెప్పుకున్నాం. బంతి కోసం వంగినవాడికి వెనక నుంచి ఎవరు దూసుకొస్తున్నారో కనిపించదు. ఆ క్షణంలో అతనికి కళ్ళు మనమే. "వెనకున్నాడు!", "టైముంది!" అనే రెండు కేకలను శిక్షణలో అలవాటు చేసుకోమన్నాను. అవి ఇంకా నోటికి రాకపోతే ఈ పాఠాన్ని ఓ వారం పక్కన పెట్టండి. గొంతు పెగలనివాడికి ఈ పాఠంలోని పనులు మరీ కష్టం.

ఇవాళ్టి పాఠం "టఫ్" అనే మాట గురించి. ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్, అదే ఫుటీ, ఆడే ఏ క్లబ్బు గదిలోకి వెళ్ళినా ఈ మాట వినిపిస్తుంది. అక్కడ ఒక మనిషికి దక్కే పెద్ద పొగడ్త అదే. తెలుగులో మనం మొండితనం, దూకుడు, ఓర్పు, తెగువ, గుండెదిటవు అని వేటికవే విడిగా చెప్పుకుంటాం. ఫుటీ గదిలో వీటన్నిటినీ ఒకే మూటలో కట్టేస్తారు. కెప్టెన్ కావాలనుకునేవాడు ముందుగా ఆ మూట విప్పాలి.

కొత్తగా చదువుతున్నవారి కోసం ఆట గురించి రెండు ముక్కలు. వైపుకు 18 మంది. మైదానం కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది, చాలాచోట్ల వేసవిలో క్రికెట్ ఆడే మైదానమే. అసలు ఈ ఆట పుట్టిందే అలా. చలికాలంలో క్రికెటర్ల ఒళ్ళు బరువెక్కకుండా ఏదో ఒకటి ఆడాలని టామ్ విల్స్ అనే క్రికెటర్ 1858లో మెల్‌బోర్న్ పత్రికకు ఉత్తరం రాశాడు. మరుసటి ఏడాది నిబంధనలు రాసుకున్నారు. మధ్య రెండు స్తంభాల నడుమ నుంచి తన్నితే గోల్, 6 పాయింట్లు. పక్క సందుల్లోంచి పోతే బిహైండ్, 1 పాయింటు. మన పాఠానికి ముఖ్యమైన సంగతి వేరే ఉంది. ఇందులో ఆఫ్‌సైడ్ లేదు. ప్రత్యర్థి ఎదురుగానే ఉండాలన్న నియమం లేదు కాబట్టి దెబ్బ ఏ దిక్కు నుంచైనా తగలవచ్చు. అందుకే ఈ ఆటలో ధైర్యం గురించి అంత మాట్లాడతారు.

నా మొదటి సీజన్ సంగతి చెబుతాను. మెల్‌బోర్న్ పడమటి శివారులో ఒక చిన్న క్లబ్బు రిజర్వ్స్ జట్టులో, అంటే రెండో జట్టులో, ఆడేవాణ్ణి. జట్టంతటికీ తెలుగువాణ్ణి నేనొక్కణ్ణే. మెతకవాడినని ఎవరూ అనుకోకూడదన్న పట్టుదల ఉండేది. ఒక ఆటలో ప్రత్యర్థి బంతి తన్నేసిన తర్వాత, నాకు ఆగే వీలున్నా ఆగకుండా భుజంతో గుద్దాను. అతను కిందపడ్డాడు. మా వాళ్ళలో ఇద్దరు కేరింతలు కొట్టారు. అంపైర్ వాళ్ళకు ఫ్రీ కిక్ ఇచ్చాడు. వాళ్ళు గోల్ కొట్టారు.

విరామంలో మా బ్యాక్ పాకెట్ ఆటగాడు, అంటే మా గోల్ దగ్గర మూలన కాపలా కాసేవాడు, నా పక్కన కూర్చున్నాడు. నలభై దగ్గర పడిన ప్లంబర్. కేకలేమీ వేయలేదు. "ఆ ఆరు పాయింట్లు ఇప్పుడు మేం తిరిగి తేవాలి" అన్నాడు. నా నీళ్ళ సీసా నా చేతికిచ్చి లేచి వెళ్ళిపోయాడు. రెండో సగమంతా నేను అతణ్ణే గమనించాను. తన చేతికి బంతి వచ్చింది చాలా తక్కువసార్లు. కానీ మా వాడు పరుగెడుతుంటే అడ్డొచ్చేవాడికి తన ఒళ్ళు అడ్డం పెట్టేవాడు. తన్నబోతున్న బూటు మీదికి చేతులు చాచి పడిపోయేవాడు. అందదని తెలిసీ నలభై మీటర్లు వెంటాడేవాడు. వెనక అడుగుల చప్పుడు వినిపించిన ప్రత్యర్థి కంగారుపడి బంతిని వంకరగా తన్నేసేవాడు. స్కోరు పుస్తకంలో ఆ పరుగు ఎక్కడా ఉండదు.

ఈ పనులకు ఆటలో పేర్లున్నాయి. తన్నే బంతిని చేతులతో ఆపేస్తే స్మదర్. సహచరుడికి దారి ఇవ్వడానికి ప్రత్యర్థిని ఒంటితో నిలువరిస్తే షెపర్డ్. ఎదుటివాడు మార్క్ పట్టబోతుంటే, అంటే తన్నిన బంతిని గాల్లోనే అందుకోబోతుంటే, బంతిని పిడికిలితో గుద్ది తప్పిస్తే స్పాయిల్. వీటన్నిటినీ కలిపి వన్ పర్సెంటర్లు అంటారు. పెద్ద లీగ్ ఏఎఫ్ఎల్‌లో వీటికి లెక్క కూడా ఉంటుంది.

మొదటి సాధన ఇక్కడే. ఈ వారం ఒక ఆట చూడండి. టీవీలో అయినా సరే, మీ పేట మైదానంలో అయితే మరీ మంచిది, ఎందుకంటే కెమెరా ఎప్పుడూ బంతి వెంటే పోతుంది. ఒక క్వార్టర్ అంతా ఒకే ఆటగాణ్ణి చూడండి. బంతి అతని దగ్గర లేనప్పుడు ఏం చేస్తున్నాడో నోటుపుస్తకంలో రాయండి. తన జట్టు బంతి పోగొట్టుకున్నాక మొదటి మూడు అడుగులు పరుగా, నడకా? సహచరుడు కిందపడితే లేపడానికి ఎవరు వచ్చారు? గోల్ కొట్టినవాడి దగ్గరికి అందరూ పోతారు, బంతి జారవిడిచినవాడి దగ్గరికి ఎవరు పోయారు? పుస్తకం నిండేసరికి ఆ జట్టులో గట్టివాళ్ళెవరో మీకే తెలుస్తుంది. చాలాసార్లు వాళ్ళు మీరు ముందు అనుకున్నవాళ్ళు కారు.

కళ్ళారా చూడాలంటే ఒక దృశ్యం చెబుతాను. 2004లో సిడ్నీ క్రికెట్ గ్రౌండ్‌లో సెయింట్ కిల్డా ఆటగాడు నిక్ రీవోల్ట్ పట్టిన మార్క్. తల మీదుగా వెనక్కి పోతున్న బంతి మీదే చూపు నిలిపి పరుగెత్తాడు. ఎదురుగా వస్తున్న గుంపు వైపు ఒక్కసారి కూడా చూడలేదు. ఎన్నిసార్లు చూసినా నా ఒళ్ళు ఝల్లుమంటుంది. అందులో ఎవరినీ కొట్టడం లేదు. తనకు తగలబోయే దెబ్బను ఒప్పుకుని బంతిని వదలకపోవడం ఉంది.

ఒంటి సంగతి ఇంతవరకే. ఇక్కడి నుంచి మాట సంగతి, ఇదే ఎక్కువ కష్టం.

జీలాంగ్ క్లబ్బు 2006లో పదో స్థానంలో నిలిచింది. మంచి ఆటగాళ్ళకు కొదవ లేదు. అయినా 1963 తర్వాత ప్రీమియర్‌షిప్, అంటే లీగ్ టైటిల్, దక్కలేదు. ఆ సీజన్ అయ్యాక క్లబ్బు తన పద్ధతులన్నిటినీ తిరగదోడింది. టామ్ హార్లీ కొత్త కెప్టెన్ అయ్యాడు. పోర్ట్ అడిలైడ్‌కు ఒకే ఒక్క ఆట ఆడి జీలాంగ్‌కు వచ్చినవాడు. జట్టులో అందరికన్నా మెరిసే ఆటగాడేమీ కాదు. సరిగ్గా అప్పుడే స్టీవ్ జాన్సన్ వ్యవహారం వచ్చిపడింది. జట్టులో అతనంత నేర్పు ఉన్న ఫార్వర్డ్ మరొకడు లేడు. మద్యం వల్ల మైదానం బయట చిక్కుల్లో పడ్డాడు. అదీ మొదటిసారి కాదు.

అతణ్ణి పక్కన పెట్టాలని నిర్ణయించింది ఆటగాళ్ళ నాయక బృందం. అంటే అతనితో కలిసి చెమటోడ్చి, ఒకే బల్ల మీద తిన్నవాళ్ళు. సీజన్ మొదటి ఐదు రౌండ్లకు సీనియర్ జట్టులో చోటు లేదన్నారు. ఆ ఐదింట్లో జీలాంగ్ మూడు ఓడింది. అప్పుడు ఆ గదిలో కూర్చున్న హార్లీ స్థానంలో మిమ్మల్ని ఊహించుకోండి. ఓడుతున్నాం. గోల్స్ కొట్టగలిగినవాడు బయట కూర్చున్నాడు, కూర్చోబెట్టింది మనమే. అయినా మాట వెనక్కి తీసుకోలేదు. ఆరో రౌండ్లో రిచ్‌మండ్‌ను 157 పాయింట్ల తేడాతో ఓడించి గాడిలో పడ్డారు. సెప్టెంబరులో గ్రాండ్ ఫైనల్. ఎదురుగా హార్లీ పాత జట్టు పోర్ట్ అడిలైడ్. జీలాంగ్ 163, పోర్ట్ 44. ఆ 119 పాయింట్ల తేడాను గ్రాండ్ ఫైనల్స్‌లో ఇంతవరకు ఎవరూ దాటలేదు. ఆ రోజు ఉత్తమ ఆటగాడికిచ్చే నార్మ్ స్మిత్ పతకం స్టీవ్ జాన్సన్‌కే వచ్చింది.

శిక్ష వేస్తే మనిషి బాగుపడతాడని దీన్నిబట్టి అనుకోకండి. శిక్ష వేసి మనుషుల్ని పోగొట్టుకున్న జట్లు ఎన్నో ఉన్నాయి. తిరిగి రావడానికి దారి మూయకపోవడం ఇక్కడ నాకు కనిపించే గొప్పతనం. ఎంతకాలమో చెప్పారు, తమ నోటితో చెప్పారు. గడువు తీరాక మళ్ళీ తమలో ఒకడిగా కలుపుకున్నారు.

మనవాళ్ళకు ఇందులో ఒక అదనపు చిక్కుంది, దాన్ని దాచడం నాకిష్టం లేదు. మనకన్నా పెద్దవాణ్ణి తప్పుపట్టడం మన ఇళ్ళల్లో నేర్పరు. ఆస్ట్రేలియా క్లబ్బుల్లో పద్దెనిమిదేళ్ళవాడు నలభై ఏళ్ళవాణ్ణి పేరు పెట్టి పిలిచి, "నీ మనిషిని వదిలేశావు" అంటాడు, ఇద్దరూ కలిసి టీ తాగుతారు. మనకది వెంటనే రాదు. రావాల్సిన అవసరం కూడా లేదు. గౌరవం వదలకుండానే నిజం చెప్పవచ్చు. నాలుగేళ్ళ తర్వాత మా జట్టులోకి ఇంకో తెలుగాయన వచ్చాడు, నాకన్నా ఆరేళ్ళు పెద్ద. అప్పటికి రిజర్వ్స్ కెప్టెన్ని నేనే. ఆట అయ్యాక కారు దగ్గర నిలబడి అడిగాను.

"అన్నా, మూడో క్వార్టర్లో బంతి వాళ్ళకి పోయాక రెండుసార్లు నడుచుకుంటూ వచ్చావు. రెండుసార్లూ నీ మనిషి ఒంటరిగా దొరికాడు. ఏమైంది?"

"మోకాలు లాగేస్తోందిరా. చెప్తే తీసేస్తారని చెప్పలేదు."

"చెప్పుంటే ఐదు నిమిషాలు బెంచీ మీద కూర్చోబెట్టి మళ్ళీ పంపేవాళ్ళం కదన్నా."

ఈ నాలుగు మాటల కోసం నేను వారమంతా కుస్తీ పట్టాను. దాన్ని విడదీసి చూద్దాం. పదిమందిలో కాదు, ఇద్దరమే ఉన్నప్పుడు. "నీకు బద్ధకం" అనలేదు. చూసిందేదో అదే చెప్పాను, ఎన్నోసారి, ఏ క్వార్టర్లో అన్నదాంతో సహా. తర్వాత ఒక ప్రశ్న అడిగి నోరు మూసుకున్నాను. ఆ మౌనం భరించడమే కష్టం. మనమే ఏదో ఒకటి అనేసి అవతలివాడికి తప్పించుకునే దారి ఇచ్చేస్తాం. ప్రశ్న అడగకుండా తిట్టి ఉంటే నాకు ఆ మోకాలి సంగతి ఎప్పటికీ తెలిసేది కాదు.

మోకాలి మాట వచ్చింది కాబట్టి గాయాల సంగతి. బ్రిస్బేన్ ఆటగాడు నైజల్ లాపిన్ 2003 గ్రాండ్ ఫైనల్‌ను విరిగిన పక్కటెముకతో ఆడాడు. 2008లో హాథార్న్‌కు చెందిన ల్యూక్ హాడ్జ్ కూడా అంతే, పైగా నార్మ్ స్మిత్ పతకం గెలిచాడు. ఈ కథలు ప్రతి క్లబ్బు గదిలోనూ చెప్పుకుంటారు. వినే కుర్రాడు నొప్పిని దాచడమే గట్టితనం అనుకుంటాడు. లాపిన్ గాయం రహస్యమేమీ కాదు. డాక్టర్లకు తెలుసు, కోచ్‌కు తెలుసు, ఆటకు ముందు పరీక్ష పెట్టారు. అందరూ కలిసి తీసుకున్న నిర్ణయం అది. ఎవరికీ చెప్పకుండా ఆడేవాడు జట్టును చీకట్లో ఉంచుతున్నాడు.

తల విషయంలో అయితే ఇంత చర్చే అక్కర్లేదు. జీలాంగ్ మహా ఆటగాడు పోలీ ఫార్మర్ 2019లో కన్నుమూశాక మెదడును పరీక్షిస్తే, పదేపదే తగిలే దెబ్బలతో వచ్చే సీటీఈ అనే జబ్బు బయటపడింది. ఈ లీగ్ ఆటగాళ్ళలో ఆ జబ్బు మొదట నిర్ధారణ అయింది ఆయనకే. మెల్‌బోర్న్ ఆటగాడు ఆంగస్ బ్రేషాకు 2023 ఫైనల్స్‌లో తల అదిరింది (కంకషన్). ఢీకొట్టినవాడు ఎగిరింది స్మదర్ కోసమే. 2024 ఫిబ్రవరిలో, 28 ఏళ్ళ వయసులో, బ్రేషా ఆట మానేయాల్సి వచ్చింది. అందుకే స్మదర్ నేర్పేటప్పుడు మొదట చెప్పాల్సింది, ఎదుటివాడి మీదికి ఎగరకు, పక్కనుంచి చేతులు చాచి పడు అని. ఆస్ట్రేలియా క్రీడా సంస్థ 2024 మార్గదర్శకాల ప్రకారం, తల అదిరిన స్థానిక ఆటగాడు కనీసం 21 రోజులు పోటీలోకి దిగకూడదు.

కెప్టెన్‌గా మీ పని ఏమిటంటే, సహచరుడు దెబ్బ తగిలి లేచి తూలితే అంపైర్ కన్నా ముందు చెయ్యెత్తి ట్రైనర్‌ను పిలవడం. అతను వద్దంటాడు. "నేను బానే ఉన్నా" అని మీ చెయ్యి విదిలిస్తాడు. మరునాడు మీతో మాట్లాడకపోవచ్చు కూడా. అయినా పిలవాలి. మీకే దెబ్బ తగిలితే మీ అంతట మీరే బయటికి నడవాలి, కుర్రాళ్ళు చూస్తుండగానే.

ఈ వారం సాధనలు. నోటుపుస్తకం పని ఎలాగూ ఉంది. రెండోది శిక్షణలో. ఇద్దరిద్దరుగా నిలబడండి, ఒకరు నెమ్మదిగా తన్నుతుంటే మరొకరు పక్కనుంచి వంగి బూటు మీదికి చేతులు చాపాలి. చెరి పదిసార్లు. కళ్ళు మూసుకోకూడదు. మొదటి రోజు అందరూ మూసుకుంటారు, అందులో సిగ్గేమీ లేదు. మూడోది, జట్టులో ఎవరితోనైతే మాట వాయిదా వేస్తున్నారో ఆ మనిషి పేరు పుస్తకం చివరి పేజీలో రాసి, ఏ ఆట, ఏ క్వార్టర్, ఏం చూశారు అన్నది దాని కింద ఒక్క వాక్యంలో రాయండి. అందులో "ఎప్పుడూ" అన్న మాట ఉంటే కొట్టేసి మళ్ళీ రాయండి. గురువారం శిక్షణ అయ్యాక, కారు పార్కింగ్ దగ్గర, ఆ వాక్యం అతనికి చెప్పండి.

ఐదో భాగంలో మొదటి క్వార్టర్ విరామం గురించి. అప్పుడు కోచ్ మాట్లాడటం అయ్యాక కెప్టెన్‌కు మహా అయితే అర నిమిషం దొరుకుతుంది. ఆ పుస్తకం పక్కనే పెట్టుకోండి, మీరు అందులో రాసిన పేర్లతోనే మొదలుపెడదాం.