బతుకమ్మకి పెరట్లోనే పూలు: పొడుగు ఆస్టర్లు ఎలా పెంచాలి

న్యూజెర్సీ, పెన్సిల్వేనియా వైపు ఉండేవాళ్ళు బతుకమ్మ వస్తుందంటే పూల కోసం షాపుల చుట్టూ తిరుగుతుంటారు కదా, పెరట్లో ఎండ పడే జాగా ఉంటే న్యూ ఇంగ్లండ్ ఆస్టర్ వేసుకోండి. అక్కడి నేలలో పుట్టిన మొక్కే, చలికి పైన అంతా ఎండిపోయినా వేరు బతికే ఉంటుంది, ఏటా మళ్ళీ చిగురిస్తుంది. 3 నుంచి 6 అడుగులు పెరిగి సెప్టెంబర్, అక్టోబర్‌లో విరగబూస్తుంది, ఊదా రేకులు, మధ్యలో పసుపు, చిన్న చామంతిలా ఉంటుంది. ముదురు పింక్ కావాలంటే నర్సరీలో ఆల్మా పోచ్కే అని అడగండి. ఇందులోనే పర్పుల్ డోమ్ అనేది మాత్రం పొట్టి రకం.

వసంతంలో నాటండి. రోజుకి 6 గంటల ఎండ తగలాలి, మొక్కల మధ్య 2-3 అడుగులు వదలాలి, దగ్గరగా వేస్తే గాలి ఆడక బూడిద తెగులు పట్టేస్తుంది. నీళ్ళు మొక్క మొదలు దగ్గరే పోయండి, ఆకుల మీద వద్దు. ఎరువు ఎక్కువైతే ఏపుగా పెరిగి పడిపోతాయి.

అసలు పని తలలు తుంచడం, ఇది మాత్రం మానొద్దు. మే నెలాఖరుకి కొమ్మలు అడుగు ఎత్తు వచ్చాక పైన మూడో వంతు, ఒక ఆకుకి కాస్త పైన, కత్తిరించేయండి, కొన్నాళ్ళకి ఆ ఆకుల మొదళ్ళలోంచి పక్క కొమ్మలు వస్తాయి, ఒక్క కాడ ఉన్నచోట గుబురు తయారవుతుంది. జూన్‌లో ఇంకోసారి చేయండి. జూలై 4 దాటాక ఇక కత్తెర పట్టొద్దు, మొగ్గలు పోతాయి. ఇంకో కిటుకు, కుదురులో ముందు సగమే తుంచి వెనక సగం వదిలేయండి. వదిలేసినవి ముందు పూస్తాయి, తుంచినవి లేటుగా. తిథి ప్రకారం పండగ ఒక ఏడాది సెప్టెంబర్‌లో, ఇంకో ఏడాది అక్టోబర్‌లో వస్తుంది కాబట్టి ఎప్పుడొచ్చినా చేతికి పూలుంటాయి.

తుంచినా ఎత్తు రకాలకి కర్రల ఊతం కావాలి, జూన్‌లోనే పాతేయండి. పూత టైమ్‌కి కింది ఆకులు ఎండిపోవడం మామూలే, ముందు వరసలో బంతి వేస్తే అది కనపడదు, బతుకమ్మకి బంతీ దొరుకుతుంది.

పూలు పొద్దున కోసి నీళ్ళలో పెట్టండి. చీకటి పడితే రేకులు ముడుచుకుంటాయి, అందుకని పైవరసల్లో బంతి, గోల్డెన్‌రాడ్ అనే పసుపు పూలు కలిపి పేర్చండి. అన్నీ కోసేయకండి ప్లీజ్, మెక్సికో వెళ్ళే మోనార్క్ సీతాకోకచిలుకలకి ఆ నెలల్లో తేనె ఇచ్చే పూలలో ఇవి ముఖ్యమైనవి.

రెండు మూడేళ్ళకోసారి వసంతంలో కుదురు తవ్వి, ముదిరిపోయిన మధ్య భాగం పారేసి, అంచు పిలకలు విడదీసి నాటుకోండి.