రెండు ఐటీ కంపెనీలు కలిసినంక షేర్ కొనాల్నా వద్దా, ఎట్ల చూడాలె

మడికొండ ఐటీ పార్కుల పనిచేసే మా కాలనీ పిల్లలు తెగ అడుగుతున్నరు, ఫలానా రెండు కంపెనీలు కలిసినయట అన్నా, షేర్ తీసుకోవచ్చా అని. ముందుగాల "ఇప్పుడిది మస్తు పెద్ద కంపెనీ" అనే మాటను పక్కకు పెట్టుర్రి. ఎనుమాముల మార్కెట్ల రెండు లాట్ల మిర్చి ఒక్కతాన పోస్తే కుప్ప పెద్దగైతది గని రేటు పెరగదు, కొనేటోడు బస్తల చెయ్యి పెట్టి అడుగున ఉన్న కాయ తీసి చూస్తడు, మనం గూడ గదే చెయ్యాలె.

షేర్ల లెక్క చూడుర్రి. 2022 నవంబర్ల ఎల్‌టీఐ (ఎల్ అండ్ టీ ఇన్ఫోటెక్), మైండ్‌ట్రీ అనే రెండు ఐటీ కంపెనీలు కలిసినప్పుడు 100 మైండ్‌ట్రీ షేర్లకు 73 ఎల్‌టీఐ షేర్లు ఇచ్చిన్రు. అంటే 150 ఉన్నోళ్లకు లెక్క ప్రకారం 109.5, అండ్ల 109 డీమ్యాట్ల, అంటే షేర్లుండే ఖాతాల, పడ్తయ్, అర షేరుకు పైసలిస్తరు. ఇట్ల కొత్త షేర్లు పుట్టినంక లాభం పంచుకునేటోళ్లు గూడ పెరుగుతరు, అందుకే మొత్తం లాభం కాదు, ఒక్కో షేరుకు ఎంతొస్తుందో, అంటే ఈపీఎస్, అది చూడాలె. నిరుటి నంబర్ ఒక్క కంపెనీదా, రెండింటిదా అని గూడ చూసుకోవాలె, ఒక్కదాంతోని పోలిస్తే గ్రోత్ ఉత్తగనే ఆకాశంల కనబడ్తది.

నగదు పెట్టి గానీ షేర్లిచ్చి గానీ ఎక్కువ రేటుకు కొంటే బ్యాలెన్స్ షీట్‌ల గుడ్‌విల్, అంటే కొన్న కంపెనీ ఆస్తుల విలువ కన్నా ఎక్కువ పెట్టిన సొమ్ము, పెరుగుతది, దాన్ని మాత్రం అస్సలు వదలొద్దు. అమెరికా కంపెనీలు ఏఓఎల్, టైమ్ వార్నర్ 2001ల కలిసినయ్, 2002 ఒక్క ఏడాదే దాదాపు 9,900 కోట్ల డాలర్ల నష్టం చూపెట్టిన్రు, అండ్ల ఎక్కువ శాతం ఈ గుడ్‌విల్ విలువ తగ్గించి నష్టం కింద రాసిందే.

మార్జిన్ (ఆదాయంల లాభం ఎంత శాతం మిగుల్తుందో), అట్రిషన్ (ఉద్యోగులు ఎంతమంది మానేసి పోతున్నరో), పెద్ద క్లయింట్లు నిలబడ్డరా లేదా, ఇవి కనీసం నాలుగు క్వార్టర్లు చూడుర్రి, కలిసేటప్పుడు మేనేజ్‌మెంట్ ఏం చెప్పిందో పక్కన రాసిపెట్టుకోని.

పాత షేర్లున్నోళ్లకు ఒక మాట. మా బాపు ఇట్లనే యాప్‌ల నష్టం చూపెడుతుందని భయపడి అమ్మబోయిండు, పాత కాంట్రాక్ట్ నోట్, అంటే కొన్నప్పుడు బ్రోకర్ ఇచ్చిన బిల్లు, తీసి లెక్కేస్తే లాభంలనే ఉన్నడు, యాప్‌ల కొన్న రేటే తప్పు పడ్డది. 100కు 73 వచ్చిన కాడ, పాతయి 1,000 చొప్పున కొనుంటే కొత్తది ఒక్కోటి దాదాపు 1,370 పడ్డట్టు. ట్యాక్స్‌కు గూడ కొన్న తేదీ పాతదే లెక్క, కలిసిన రోజు కాదు, గందుకే ఆ నోట్లు పారెయ్యకుర్రి.