ఫోనులో మెరిసిన ఫోటో ప్రింటులో ఎందుకు మసకబారింది?

"ఫోనులో బాగానే ఉందండీ, ప్రింటులోనే పాడైంది." హనుమకొండ, వరంగల్ స్టూడియోల్లో ఈ మాట వినిపిస్తూనే ఉంటుంది. చాలాసార్లు తప్పు ప్రింటరుదీ కాదు, కెమెరాదీ కాదు. ఫైలులో ఎన్ని పిక్సెళ్లు (బొమ్మను కూర్చే చిన్న చుక్కలు) ఉన్నాయి, వాటిని ఎన్ని అంగుళాలకు పరిచాం, ఎంత దూరం నుంచి చూస్తున్నాం అన్నదే అసలు లెక్క. కొత్త ఫోను కొనే ముందు ఆ లెక్క చూసుకోండి, డబ్బు మిగలవచ్చు.

సమస్య: 12×18 అంగుళాల ప్రింటులో బొమ్మ పగిలిపోయింది

రామప్ప గుడిలోని మదనిక (స్త్రీమూర్తి శిల్పం) ఫోటో అనుకుందాం. నల్లరాతి నునుపు, మెడలో హారాలు, కాళ్లకు అందెలు ఫోను తెరపై విడివిడిగా కనిపించాయి. ప్రింటులో హారం పూసలన్నీ కలిసిపోయి ఒక గీతలా మారాయి.

మొదట అనుమానించాల్సింది వాట్సాప్‌ని. మామూలుగా పంపితే అది ఫోటోను కుదిస్తుంది. పొడవు వైపు 1600 పిక్సెళ్లే మిగిలితే, 18 అంగుళాలకు పరిచినప్పుడు అంగుళానికి 90 కూడా రావు. చేతిలో పట్టుకుని చూసే ప్రింటుకు 300 ఉంటే నిశ్చింత, 200 అయినా నడుస్తుంది. 12 మెగాపిక్సెళ్ల (మెగాపిక్సెల్ అంటే పది లక్షల పిక్సెళ్లు) అసలు ఫైలులో పొడవు 4000 పిక్సెళ్లు, అంటే అదే ప్రింటుకు అంగుళానికి 222. గ్యాలరీలో ఫోటో వివరాలు తెరిస్తే ఈ అంకెలు కనిపిస్తాయి. అసలు ఫైలును డాక్యుమెంటుగా పంపండి, లేదా కేబుల్‌తో ఇవ్వండి.

రెండో అనుమానం జూమ్. మదనికలు ఎత్తులో ఉంటాయి కాబట్టి వేళ్లతో తెరను సాగదీస్తాం. అది డిజిటల్ జూమ్ అయితే, అంటే లెన్సు దగ్గరికి తేకుండా ఫోను బొమ్మ మధ్యభాగాన్ని కోసి పెద్దది చేస్తుంటే, రెండు రెట్లకే పిక్సెళ్లలో నాలుగో వంతు మిగులుతుంది. ఫైలు పరిమాణం మాత్రం తగ్గినట్టు కనిపించకపోవచ్చు, ఎందుకంటే ఫోను ఆ ఖాళీని అంచనాతో నింపేస్తుంది. దూరపు వాటిని దగ్గరగా చూపే టెలిఫోటో లెన్సు లేకపోతే, ఆ శిల్పాన్ని చిన్న ప్రింటుకే పరిమితం చేయడం మేలు.

సమస్య: పిక్సెళ్లు సరిపడా ఉన్నాయి, అయినా మసకే

వేయిస్తంభాల గుడి లోపల తీసినవి ఇలా వస్తుంటాయి. వెలుతురు తక్కువ, షట్టరు ఎక్కువసేపు తెరిచి ఉంటుంది, చెయ్యి కాస్త కదులుతుంది. ఆరంగుళాల తెర ఆ కదలికను దాచేస్తుంది; టీవీలో వేస్తే బయటపడుతుంది. స్తంభానికి ఆనుకోకుండా మోచేతులను ఒంటికి ఆనించి, ఊపిరి బిగబట్టి వరుసగా నాలుగైదు తీయండి. అక్కడే పెద్దది చేసి చూసుకోండి. ఇంటికొచ్చాక ఏ సాఫ్ట్‌వేరూ దీన్ని పూర్తిగా బాగుచేయలేదు.

సమస్య: ఫ్లెక్సీ దగ్గరికెళితే చుక్కలు చుక్కలుగా ఉంది

ఇది సమస్యే కాదు. ఆరోగ్యమైన కన్ను డిగ్రీలో సుమారు అరవయ్యో వంతు కోణం ఎడంలో ఉన్న రెండు చుక్కలను విడివిడిగా చూడగలదు. 10 అంగుళాల దూరంలో అది అంగుళానికి దాదాపు 340 చుక్కలు, 10 అడుగుల దూరంలో 30 లోపే. మేడారం జాతరకు స్వాగతం చెప్పే 10 అడుగుల ఫ్లెక్సీని రోడ్డు అవతలి నుంచి చూస్తారు కాబట్టి 4000 పిక్సెళ్లు, అంటే అంగుళానికి 33, చాలు. ముక్కు ఆనించి చూసేవారిని పట్టించుకోకండి.

సమస్య: కంప్యూటరులో నూరు శాతానికి పెంచితే మెత్తగా ఉంది

24 అంగుళాల ఫుల్ హెచ్‌డీ తెరపై 24 మెగాపిక్సెళ్ల ఫోటోను అలా, అంటే ఫోటోలోని ఒక్కో పిక్సెల్‌ను తెరపై ఒక్కో చుక్కగా, చూడటమంటే, సుమారు ఐదున్నర అడుగుల వెడల్పు ప్రింటును అడుగున్నర దూరం నుంచి చూడటమే. ఏ లెన్సైనా అక్కడ ఓడిపోతుంది. ప్రింటు ఎంత ఉండబోతోందో అంతకే తెరపై కుదించి తీర్పు చెప్పండి. ఫుల్ హెచ్‌డీ టీవీకి కావలసింది 2 మెగాపిక్సెళ్లే, 4కే టీవీకి 8 పైచిలుకు.

సమస్య: 50 మెగాపిక్సెళ్ల ఫోను కొన్నా తేడా లేదు

చాలా ఫోన్లు నాలుగేసి పిక్సెళ్లను కలిపి 12.5 మెగాపిక్సెళ్ల ఫోటోనే సేవ్ చేస్తాయి. పూర్తి 50 కావాలంటే సెట్టింగులో మార్చాలి, అదీ మంచి ఎండలోనే. పైగా మెగాపిక్సెళ్లు నాలుగు రెట్లయినా ప్రింటు వెడల్పు పెరిగేది రెండు రెట్లే. ముందు లెన్సు మీది వేలిముద్రను మెత్తటి గుడ్డతో తుడిచి మళ్లీ తీసి చూడండి.