పాత గాజు క్రిస్మస్ గోళాల రంగు ఊడకుండా: నా అనుభవం

చెన్నైలోని మా చుట్టాలు ఏటా అడుగుతున్నారు కాబట్టి రాస్తున్నాను. డిసెంబరులో పెట్టె తెరిస్తే, గాజు గోళాల రంగు చుట్టిన వార్తాపత్రికకు అంటుకుని పెచ్చులుగా ఊడివచ్చేది. లోపలి వెండిపూత మీద నల్లమచ్చలు. తడిగుడ్డ, ప్లాస్టిక్ సంచులు, అటక మీది అట్టపెట్టె, ఏవీ పనికిరాలేదు.

చివరికి పనిచేసింది ఇది. ఈశాన్య రుతుపవనాల తడి తగ్గాక, జనవరిలో చెట్టు తీసేటప్పుడు, ముందుగా మెత్తని పొడి కుంచెతో దుమ్ము దులిపాను. నీళ్లు తగలనివ్వకూడదు, పాత గోళాల రంగు నీటికి కరిగిపోవచ్చు. తర్వాత పైనున్న రేకు మూతను మెల్లగా తీసి, రాత్రంతా ఫ్యాను గాలికి ఉంచాను. కీలకం ఇక్కడే ఉందనుకుంటాను, లోపలికి తేమ చేరేది ఆ మెడలోంచే. మూత మళ్లీ పెట్టి, ఉతికి ఆరబెట్టిన అమ్మమ్మ నేత చీర ముక్కల్లో చుట్టి, గాలి చొరని డబ్బాలో, తేమను పీల్చే సిలికా జెల్ పొట్లాలతో సర్దాను. వాటిలోని నీలి గుళికలు గులాబీ రంగుకు తిరిగితే పొట్లాలు మార్చాలి.

ఒక్కో మూటలో ఒక చీటీ, పెన్సిలుతో. సిరా తేమకు పాకుతుంది. "తాతయ్య మూర్ మార్కెట్‌లో కొన్న ఎర్ర గోళం" అన్న చీటీ నాకు అన్నిటికన్నా ముఖ్యం. చెన్నైలోని ఆ మార్కెట్ 1985లో కాలిపోయింది, తాతయ్యా లేరు. మూత కొక్కేనికి ఆయన ముడివేసిన ఆకుపచ్చ దారం అలాగే ఉంది. దాన్ని ఎవరినీ మార్చనివ్వను.

ఇదంతా పలుచని గాజు గోళాల సంగతి. ప్లాస్టిక్ వాటికి ఇంత అవసరం ఉండకపోవచ్చు. మా ఇంట్లో కొత్త మచ్చలు రావడం ఆగింది కానీ, పాతవి పోలేదు.