డిసెంబర్‌లో ఇంటికి పంపే కబురు

మాది కృష్ణా డెల్టాలోని ఒక ఊరి మిషనరీ ప్రాథమిక పాఠశాల. పందొమ్మిదేళ్లుగా మూడో తరగతికి చెబుతున్నాను. ఆ రోజు తరగతిలో ఏం జరిగిందో, ఇంటి దగ్గర ఏం చేయాలో ప్రతి సాయంత్రం తల్లిదండ్రులకు తెలియజేయడం మా బడిలో ఆనవాయితీ. ఒకప్పుడు డైరీలో రాసి పంపేవాళ్లం. ఇప్పుడు వాట్సాప్ గ్రూపు ఉంది. మిగతా నెలలు ఎలాగో గడిచిపోతాయి. డిసెంబర్ మొదటి వారం నుంచి క్రిస్మస్ సెలవులు ఇచ్చేదాకా మాత్రం ఈ చిన్న పనికే ఎంతో ఆలోచన కావాలి. పొలాల్లో వరికోతలు, కుప్పనూర్పిళ్లు నడుస్తుంటాయి. రాత్రిళ్లు క్యారల్స్ బృందాలు వీధి వీధీ తిరుగుతుంటే పిల్లలు నిద్రపోరు. బడిలో సెమీ క్రిస్మస్ సన్నాహాలు. ఈ ఏడాదే ఉద్యోగంలో చేరిన టీచర్లు ఇద్దరు ఇదంతా ఎలా నెట్టుకొస్తారని అడిగారు. వాళ్ల కోసం, వాళ్లలాంటి వాళ్ల కోసం నా పద్ధతి రాస్తున్నాను.

ముందుగా మీ కబురు ఎవరి చెవిన పడుతుందో తెలుసుకోండి. నా తరగతిలో ముప్పై ఒక్క మంది. ఇరవై రెండు ఇళ్లలో స్మార్ట్‌ఫోన్ ఉంది, అదీ చాలావరకు నాన్న జేబులో. అమ్మ తెల్లవారకముందే కోతకు వెళ్లి చీకటి పడ్డాక వస్తుంది. సాయంత్రం పిల్లవాడి పక్కన కూర్చునేది నానమ్మో అమ్మమ్మో. ఆమెకు చదువు రాకపోవచ్చు. నవంబర్ చివర్లోనే ఒక కాగితం మీద పిల్లల పేర్లు రాసుకుని, ఎదురుగా ‘సాయంత్రం ఇంట్లో ఎవరుంటారు, ఫోను ఎన్నింటికి ఇంటికి చేరుతుంది’ అని పిల్లలనే అడిగి నింపుతాను. ఆ కాగితం చూశాకే బడి విడవగానే కబురు పంపడం మానేశాను. మూడున్నరకు పంపితే పొలం గట్టున ఒకసారి మోగి, ఆ తర్వాత వచ్చే యాభై సందేశాల కింద పడి పోతుంది. రాత్రి ఏడు గంటలకు పంపుతాను, అన్నం వేళకు ముందు.

ఫోను లేని తొమ్మిది మందికి వాళ్ల వీధిలోనే ఉండే మరో పిల్లవాడిని జత చేస్తాను. దాంతో పాటు డైరీలో ఒక్క ముక్క రాస్తాను. ఇది మరచిపోకూడదు. ఫోను లేని ఇల్లు కబురు లేని ఇల్లు కాకూడదు.

ఇక కబురు ఎలా ఉండాలి? చదివి వినిపించే గొంతు అవసరం లేకుండా వాయిస్ మెసేజ్ పెడతాను. నిమిషం దాటనివ్వను. హోంవర్క్ ఒక్కటే పిల్లల చేత వాళ్ల డైరీలో రాయిస్తాను. తన చేత్తో రాసుకున్న పని పిల్లవాడికి గుర్తుంటుంది. మొన్నటి కబురు ఇలా చెప్పాను:

“అమ్మా, నాన్నా, మూడో తరగతి టీచర్‌ని. ఈ రోజు అప్పు తెచ్చుకునే తీసివేతలు చేశాం. పది పుల్లల కట్ట విప్పి ఒక్కొక్కటిగా లెక్కపెట్టారు. అగ్గిపుల్లలు పెట్టి మళ్లీ చేసి చూపించమని అడగండి. గొల్లల పాట రెండో చరణం నేర్చుకున్నారు. రేపు పలక తీసుకురావాలి. ఉంటాను.”

చూడండి, ఇందులో ‘పిల్లలు బాగా నేర్చుకున్నారు’ అనే మాట లేదు. దానివల్ల ఇంట్లో ఎవరికీ ఏమీ తెలియదు. పుల్లల కట్ట అంటే నానమ్మ అగ్గిపెట్టె తీస్తుంది. ‘బళ్లో ఏం చేశావురా’ అని అడిగితే పిల్లవాడు ‘ఏం లేదు’ అంటాడు. ‘పుల్లలతో తీసివేతలు చేశావటగా, ఏదీ చూపించు’ అని అడిగితే కూర్చుని చూపిస్తాడు. నా కబురంతా ఆ రెండో ప్రశ్న వాళ్ల నోట రావడానికే.

హోంవర్క్ ఎంత ఇవ్వాలన్నదానికి లెక్క ఉంది. కేంద్ర ప్రభుత్వం 2020లో తెచ్చిన స్కూల్ బ్యాగ్ విధానం ఒకటి, రెండు తరగతులకు హోంవర్కే వద్దంటుంది. మూడు నుంచి ఐదు తరగతులకు వారానికి రెండు గంటలకు మించకూడదంటుంది. ఆరు రోజులకు పంచితే రోజుకు ఇరవై నిమిషాలు. డిసెంబర్‌లో నేను పదిహేను నిమిషాలకే ఆపుతాను. పది నిమిషాలు చదవడం, అయిదు నిమిషాలు లెక్క. ఎక్కాలు పదిసార్లు రాయమని ఇస్తే పిల్లవాడు రెండ్ల వరస, ఆ తర్వాత మూళ్ల వరస పై నుంచి కిందికి దింపుకుంటూ పోతాడు. అందులో ఎక్కం ఉండదు, గీతలే ఉంటాయి.

చదవడం గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. చిన్న తరగతుల పిల్లలకు చదవడం, లెక్కలు వచ్చేలా చేయాలని కేంద్రం 2021లో మొదలుపెట్టిన నిపుణ్ భారత్ కార్యక్రమం లక్ష్యాల ప్రకారం మూడో తరగతి పిల్లలు నిమిషానికి కనీసం అరవై పదాలు అర్థం చేసుకుంటూ చదవాలి. చదువు రాని తల్లి దీనికి ఏం సాయపడగలదని చాలామంది టీచర్లు అనుకుంటారు. నేను ఒప్పుకోను. ఆమెకు మూడు పనులు చెబుతాను. పిల్లవాడి వేలు అక్షరాల కింద కదులుతోందో లేదో చూడమంటాను. ఎక్కడ ఆగిపోయాడో అక్కడ పెన్సిల్‌తో చుక్క పెట్టమంటాను. చదవడం అయ్యాక ‘ఇందులో ఎవరున్నారు, చివరికి ఏమైంది’ అని అడగమంటాను. మర్నాడు ఆ చుక్కలు చూస్తే నాకు అంతా తెలిసిపోతుంది. సగం చుక్కలు ఒత్తుల దగ్గరే ఉంటాయి. ‘జ్ఞానులు’ అనే మాట దగ్గర ఒక ఏడాది పద్నాలుగు మంది పుస్తకాల్లో చుక్క కనిపించింది. ఆ రోజు పాఠం ఆపి జ్ఞ ఒత్తే నేర్పాను.

క్రిస్మస్ నాటకం దుస్తుల విషయంలో నేను చేసిన తప్పు మీరు చేయకండి. చాలా ఏళ్ల కిందట ‘దేవదూతలకు తెల్ల గౌను తప్పనిసరి’ అని డైరీలో రాయించాను. ఒక తల్లి కోత కూలి డబ్బులు ఇంకా చేతికి రాకముందే దుకాణంలో అరువు పెట్టి కొన్నదని జనవరిలో తెలిసింది. నాకు ఇప్పటికీ ఆ గౌను కళ్ల ముందే ఉంటుంది. అప్పటి నుంచి దుస్తుల కబురులో ఇంట్లో ఉన్న వస్తువు పేరే చెబుతాను: ‘గొల్లవాడికి నాన్న తువ్వాలు, తాతయ్య చేతికర్ర. దేవదూతకు అమ్మ తెల్ల చున్నీ గానీ, ఉతికిన పంచె గానీ. ఏదీ లేకపోతే బడిలో ఉంది, కొనవద్దు.’ ‘కొనవద్దు’ అన్న మాట తప్పకుండా చెప్పండి. చెప్పకపోతే కొంటారు. ఈ కబురు పది రోజుల ముందే వెళ్లాలి. నాటకంలో వేషం వేయడం ఇష్టం లేని ఇంటివారు ఉంటారు. వాళ్ల పిల్లలకు తెర లాగడం, నక్షత్రం పట్టుకోవడం లాంటి పనులు ముందే అనుకుని ఉంచుతాను.

గ్రూపులో ఎవరి పిల్లల తప్పులూ చెప్పను, బాకీ ఉన్న ఫీజు ఊసెత్తను. అవి ఆ ఇంటివారితో విడిగా మాట్లాడుకోవలసినవి.

డిసెంబర్ 22 వస్తే నాకు సంతోషం. శ్రీనివాస రామానుజన్ 1887లో ఆ రోజునే ఈరోడ్‌లో పుట్టారు, మనకు జాతీయ గణిత దినోత్సవం. ఆయన పుట్టిన తేదీని 22, 12, 18, 87గా విడగొట్టి కూడిస్తాను. 139 వస్తుంది. ఇంటికి వెళ్లి తమ పుట్టిన తేదీని, అమ్మ తేదీని అలాగే కూడమంటాను. తేదీ తెలియని నానమ్మలు ‘ఏ తేదీ అయితేనేం, తుఫాను వచ్చిన ఏడు’ అంటారట. ఆ మాట కూడా నోటుపుస్తకంలో రాసుకుని రమ్మంటాను.

సెలవులకు ముందు రోజు కబురు అన్నిటికంటే చిన్నది. మాది మిషనరీ బడి కనుక క్రిస్మస్‌కు ఎక్కువ రోజులు, సంక్రాంతికి తక్కువ రోజులు సెలవులు. అందుకని బడి మళ్లీ తెరిచే తేదీని రెండుసార్లు చెబుతాను. సెలవుల పని ఒక్కటే ఇస్తాను: రోజూ చీకటి పడ్డాక మీ వీధిలో ఎన్ని ఇళ్లకు నక్షత్రాలు వెలుగుతున్నాయో లెక్కపెట్టి, తేదీ పక్కన అంకె రాయండి. క్రిస్మస్ చేసుకోని ఇంటి పిల్లలకు వీధిలోని ముగ్గులు లెక్కపెట్టమంటాను, ధనుర్మాసమే కదా. బడి తెరిచిన రోజు ఆ అంకెలన్నీ నల్లబల్ల మీదికి ఎక్కుతాయి. కొత్త సంవత్సరంలో మొదటి కూడికలు వాటితోనే.