కోరిన పాట కట్టడం – 3వ పాఠం: వివరాల్లోంచి పల్లవి

గత పాఠంలో, పాట కోరినవారికి పంపే ప్రశ్నల పత్రం తయారుచేసుకున్నాం. అది నింపి తిరిగొచ్చిందనుకుందాం. ఒక కూతురు, తండ్రి పదవీ విరమణ రోజున వినిపించడానికి పాట కావాలని అడిగింది. నాన్నగారి గురించి రాయమన్న చోట ‘చాలా మంచివారు, మమ్మల్ని ప్రాణంగా చూసుకున్నారు’ అని ఉంది. నిజమే కావచ్చు, కానీ ఏ ఇంటి నాన్నకైనా సరిపోయే మాటతో ఈ నాన్న పాట పుట్టదు.

ఫోను చేసి ఒక్క ప్రశ్న అడగండి. ‘ఆయన పని నుంచి రాగానే మొదట ఏం చేసేవారు?’ కాసేపు ఆలోచించి ఆమె చెబుతుంది: ‘చెప్పులు విడవకముందే, గుమ్మం బయటి నుంచే నన్ను పిలిచేవారు.’ పల్లవి దొరికినట్టే.

గుమ్మం దాటక ముందే పిలిచే
గొంతే ఇంటికి పండుగ నాన్నా

లఘువుకు (పొట్టిగా పలికే అక్షరం) ఒకటి, గురువుకు (దీర్ఘమో సున్నానో ఉన్నది, లేదా ఒత్తక్షరానికి ముందున్నది) రెండు చొప్పున మాత్రలు లెక్కపెట్టండి. గుమ్మం, దాటక, ముందే, పిలిచే: అన్నీ నాలుగేసి. రెండో పాదమూ అంతే. ఇది చతురశ్ర గతి, అంటే నాలుగు మాత్రల నడక. నిమిషానికి 80 తాళం దెబ్బల వేగంలో, దెబ్బకు రెండు మాత్రలు పెడితే ఒక్కో పాదం 6 సెకన్లు వస్తుంది. ‘పండుగ’ ఉన్నచోట మొదట ‘దీపం’ అని రాశాను. గొంతు వినిపించేది, వెలిగేది కాదు కదా అనిపించి మార్చాను. రెండూ నాలుగు మాత్రలే కనుక బాణీ కదలలేదు.

ఇక పేరు సంగతి. డబ్బిచ్చి పాట రాయించుకునేవారు అన్నిటికన్నా ముందు వినేది పేరునే. ‘శారద’ నాలుగు మాత్రలు, ఈ నడకలో హాయిగా కూర్చుంటుంది. ‘సరళ’ మూడే, మూడు మాత్రల నడకైన తిశ్ర గతి ఎంచుకోండి, లేదా ‘సరళా’ అని పిలవండి. సంబోధనలో చివరి అచ్చు సాగి నాలుగో మాత్ర దానంతట అదే వస్తుంది. మన భాష ఇచ్చిన ఈ వెసులుబాటును వదులుకోవద్దు.

పేరును ఇంగ్లిషు అక్షరాల్లో మాత్రం తీసుకోకండి. వసు, వాసు ఆ రాతలో ఒకేలా కనిపిస్తాయి. ఒకసారి నేను ‘వాసు’ అని పాడించి, పాట పంపాక అది ‘వసు’ అని తెలుసుకున్నాను. ఒక మాత్ర తగ్గడంతో పేరొచ్చిన ప్రతి పాదమూ తిరిగి రాసి, గాయకుణ్ని మళ్లీ పిలిపించాల్సి వచ్చింది. ఆ పుట్టినరోజుకు పాట అందలేదు. ఆ బాధ ఇప్పటికీ ఉంది. అప్పటినుంచి పేరు పలికి పంపమని ప్రతి ఒక్కరినీ అడుగుతున్నాను.

‘ఫలానా సినిమా పాట బాణీలోనే కావాలి’ అన్నవారికి ఆ బాణీకి హక్కుదారులుంటారని, వారి అనుమతి లేకుండా అమ్మలేమని మొదటే చెప్పండి. ఆ పాటలో నచ్చింది వేగమా, వాద్యమా, గొంతా అని అడిగితే చాలావరకు దారి దొరుకుతుంది.

పూర్తి రికార్డింగుకు ముందు పల్లవిని ఒక్క వాద్యంతో పాడి డెమో పంపండి. మాటల్లో మార్పులన్నీ ఈ దశలోనే తేల్చుకోవాలి.

అభ్యాసం: మీకు బాగా తెలిసిన ఒకరి రోజువారీ అలవాటును ఒక వాక్యంలో రాయండి. దాన్ని పదహారేసి మాత్రల రెండు పాదాలుగా మార్చి, చేత్తో తాళం వేస్తూ పాడి ఫోనులో రికార్డు చేసుకోండి. వచ్చే పాఠంలో ఆ పల్లవికే చరణం కడదాం.