రింగ్ మూసే ముందు: ఫ్యాక్టరీ స్విచ్‌ల దగ్గర జాగ్రత్తలు

రింగ్ అంటే నెట్‌వర్క్ స్విచ్‌లను వలయంలా కలపడం. దాన్ని మూసే ఆఖరి కేబుల్ మీ చేతిలోనే ఉంచుకోండి. అన్ని స్విచ్‌లలో సెట్టింగ్ పూర్తయ్యాకే అది పోర్టులోకి వెళ్లాలి. ముందే గుచ్చితే బ్రాడ్‌కాస్ట్ ప్యాకెట్లు ఆగకుండా చుట్లు తిరిగి, క్షణాల్లో నెట్‌వర్క్ మొత్తం స్తంభిస్తుంది. ఈ పొరపాటు చాలామంది ఒక్కసారైనా చేసే ఉంటారు.

- ఎంఆర్‌పీ (రింగ్‌లో తీగ తెగితే దారి మార్చే ప్రోటోకాల్) వాడితే, రింగ్‌ను గమనించే మేనేజర్‌గా ఒకే స్విచ్‌ను పెట్టండి, మిగతావన్నీ క్లయింట్లు.
- రింగ్ పోర్టుల్లో ఆర్‌ఎస్‌టీపీ (ప్యాకెట్లు చుట్లు తిరగకుండా చూసే మరో ప్రోటోకాల్) ఆపేయండి. రెండూ కలిస్తే గొడవే.
- ఒక రింగ్‌లో 50 పరికరాలు దాటకండి.
- తీగ తెగితే ఎంఆర్‌పీ దారి మార్చుకోవడానికి సాధారణంగా 200 మిల్లీసెకన్ల దాకా పట్టొచ్చు. మెషీన్‌ను నడిపే కంట్రోలర్ అయిన పీఎల్‌సీలో వాచ్‌డాగ్ (సమాచారం రాకపోతే ఎంతసేపు ఆగాలో చూసే టైమర్) అంతకంటే తక్కువుంటే, రింగ్ బాగానే ఉన్నా మెషీన్ ఆగుతుంది. చాలామంది చూడనిది ఇదే.
- రెండువైపుల ఫైబర్ ఒకే ట్రేలో వేయకండి. ఫోర్క్‌లిఫ్ట్ తగిలితే రెండూ పోతాయి.
- స్విచ్‌కు రెండు పవర్ సప్లైలు, వేర్వేరు బ్రేకర్ల నుంచి.

ప్రొడక్షన్ ఆపి ఉన్నప్పుడు ఒక్కో కేబుల్ పీకి చూడండి. అలారం మోగిందా? మోగకపోతే మొదటి తెగుడు ఎవరికీ తెలియదు, రెండోది తెగినప్పుడే లైన్ పడిపోతుంది.